ఎర్రర్ రాని చోటే ఆగి చూడాలి

(డిగ్రీ విద్యార్థులకు ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో డేటా విశ్లేషణపై ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపల్ గారికి, నన్ను పిలిచిన స్టాటిస్టిక్స్ మేడం గారికి, ల్యాప్‌టాప్‌లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మీకందరికీ నమస్కారం.

మీరు ఆర్ మొదలుపెట్టి ఒక సెమిస్టర్ అయిందని మేడం చెప్పారు. అంటే తెర మీద ఎర్రక్షరాలు కనబడగానే గుండె జారే దశలో ఉంటారు. ముందు ఆ భయం వదిలేయండి. ఎర్రర్ వచ్చిందంటే అది మీకు మేలు చేసినట్టే. పని ఆగింది, ఎక్కడ ఆగిందో చెప్పింది, మీరు సరిచేసుకుంటారు. నాకు నిద్ర పట్టనివ్వని తప్పులు వేరే ఉన్నాయి. కోడ్ చక్కగా నడుస్తుంది, జవాబు వస్తుంది, గ్రాఫ్ అందంగా వస్తుంది. కానీ ఆ జవాబు తప్పు. ఎవరూ ఏమీ అనరు, ఆ అంకె రిపోర్టులోకి ఎక్కేస్తుంది. ఇవాళ నేను మాట్లాడేది వాటి గురించే.

ఇలా ఎందుకవుతుందో అర్థం కావాలంటే ఈ భాష పుట్టుక కొంచెం తెలియాలి. 1976లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ చాంబర్స్, ఆయన సహచరులు ఎస్ అనే భాష మొదలుపెట్టారు. గణాంకవేత్త డేటా ముందు కూర్చుని ఒక ప్రశ్న అడిగి, జవాబు చూసి, ఇంకో ప్రశ్న అడగడానికి చేసిన భాష అది. ఆ దారిలోనే 1990ల మొదట్లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ ఆర్ రాశారు. సంభాషణ కోసం పుట్టింది కాబట్టి మాటిమాటికీ ఆగిపోదు. మీరు చెప్పింది సగం సగంగా ఉన్నా ఏదో ఒక అర్థం చేసుకుని ముందుకు పోతుంది. ఉదాహరణకి 1, 2, 3, 4 అనే నాలుగంకెలకి 10, 20 అనే రెండంకెలు కలపమనండి. కుదరదు అనదు. ఆ రెండింటినే మళ్లీ తిప్పి వాడి 11, 22, 13, 24 అని ఇచ్చేస్తుంది. హెచ్చరిక కూడా రాదు. ఈ స్వభావం మనకు ఎంతో పని తేలిక చేస్తుంది, నాకు ఆర్ అంటే ఇష్టం కూడా అందుకే. అయితే దాని పక్కన మనం మెలకువగా కూర్చోవాలి.

ఆర్‌తో పాటే వచ్చే ఒక డేటా తీసుకుందాం. ఎయిర్‌క్వాలిటీ అని టైప్ చేస్తే వస్తుంది. న్యూయార్క్‌లో 1973 మే నుంచి సెప్టెంబరు దాకా రోజువారీ కొలతలు. మొత్తం 153 రోజులు, అంటే 153 వరుసలు. ఓజోన్, సూర్యరశ్మి, గాలి, ఫారెన్‌హీట్‌లో ఉష్ణోగ్రత, నెల, తేదీ అని ఆరు కాలమ్‌లు. ఓజోన్ సగటు అడగండి. ఎన్‌ఏ అని వస్తుంది. అంటే 'తెలియదు' అని. ఎందుకంటే 37 రోజులకు ఓజోన్ కొలతే లేదు.

ఇక్కడ కొందరు ఎన్‌ఏల స్థానంలో సున్నా పెట్టేస్తారు. ఎక్సెల్ అలవాటుతో చేసే పని అది. అప్పుడు సగటు 31.9 వస్తుంది. ఉన్న 116 రోజులకే లెక్కేస్తే 42.1. కొలవని రోజున గాలిలో ఓజోనే లేదని మనం చెప్పినట్టయింది కదా, అందుకే అంత తేడా. సరే, మీరు అలా చేయరు. ఎన్‌ఏ డాట్ ఆర్ఎం ఈక్వల్స్ ట్రూ అని రాస్తారు, అంటే తెలియనివి వదిలేసి లెక్కెయ్యమని. 42.1 వస్తుంది. మంచిదే. కానీ ఆ ట్రూ రాసిన చెయ్యి అక్కడే ఒక్క నిమిషం ఆగాలి. ఏ రోజులు పోయాయి? నెలవారీగా లెక్కపెట్టండి. మేలో 5, జులైలో 5, ఆగస్టులో 5, సెప్టెంబరులో 1. జూన్‌లో మాత్రం 21! అంటే జూన్ సగటు 29.4 అని మీరు ముద్రించే అంకె తొమ్మిది రోజుల మీద నిలబడి ఉంది. పక్కన జులై సగటు 59.1, అది 26 రోజులది. పట్టికలో రెండూ ఒకే సైజు అక్షరాల్లో కనబడతాయి. చదివేవాళ్లకి తేడా తెలియదు. అందుకే నేను సగటు వేసిన ప్రతిచోటా పక్కన ఎన్ని కొలతలో ఇంకో కాలమ్ పెడతాను. ఒక్క లైను ఎక్కువ రాయాలి, అంతే.

దీంట్లోనే ఇంకా లోతైన గొయ్యి ఒకటుంది. గుంపుల వారీగా లెక్కలు తీసే అగ్రిగేట్ అనే ఫంక్షన్ ఉంది కదా, ఫార్ములాతో రాస్తాం. నెలవారీగా ఓజోన్, ఉష్ణోగ్రత రెండింటి సగటూ ఒకేసారి ఇమ్మని అడిగారనుకోండి. మే నెల ఉష్ణోగ్రత 66.7 వస్తుంది. ఉష్ణోగ్రత ఒక్కదాన్నే అడిగితే 65.5. అదే నెల, అదే కాలమ్. ఉష్ణోగ్రతలో ఒక్క ఎన్‌ఏ కూడా లేదు, మరి తేడా ఎక్కడిది? ఆ ఫంక్షన్ మీరడిగిన వాటిలో ఏదో ఒక కాలమ్‌లో ఎన్‌ఏ ఉన్న వరుసను మొత్తంగా పక్కన పెట్టేస్తుంది. ఓజోన్ లేని ఐదు రోజుల ఉష్ణోగ్రత కూడా దాంతో పాటే పోయింది. డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంటుంది, దాచిపెట్టిందేమీ కాదు. కానీ ఒక్క మాట తెర మీద కనబడదు.

ఎన్‌ఏ సంగతి వచ్చింది కాబట్టి చిన్న మాట. ప్రపంచ దేశాల డేటాతో పని చేసేటప్పుడు నమీబియాని చూసుకోండి. ఆ దేశపు రెండక్షరాల కోడ్ కూడా ఎన్‌ఏనే. ఫైలు చదవగానే ఆర్ ఆ దేశాన్ని 'తెలియదు' కింద వేసేస్తుంది. చదివేటప్పుడే ఎన్‌ఏ స్ట్రింగ్స్ అనే చోట ఖాళీ గడిని మాత్రమే ఎన్‌ఏగా తీసుకోమని చెప్పాలి.

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఇంటింటి సర్వే డేటా నా చేతికి వచ్చింది. పెద్దవాళ్లనే అడిగిన సర్వే, వయసులు 18 నుంచి 80 దాకా. డేటా ఎక్కించిన వాళ్లలో ఎవరో ఒక గడిలో 60 పక్కన ప్లస్ గుర్తు పెట్టారు. ఒక్క గడిలో! దాంతో ఆ కాలమ్ మొత్తం అక్షరాలైపోయింది. ఆ రోజుల్లో ఆర్ అక్షరాల కాలమ్‌లన్నింటినీ ఫ్యాక్టర్‌గా మార్చేసేది. 2020లో 4.0.0 వెర్షన్‌తో ఆ పద్ధతి మారింది. ఫ్యాక్టర్ అంటే లోపల 1, 2, 3 అని వరుస నంబర్లు, పైన పేర్ల చీటీలు. నేను దాన్ని నేరుగా యాజ్ డాట్ న్యూమరిక్‌లో వేశాను. అది చీటీ మీది వయసు ఇవ్వలేదు, లోపలి వరుస నంబరు ఇచ్చింది. 18 ఏళ్లవాళ్లు 1 అయ్యారు, 19 వాళ్లు 2 అయ్యారు. అందరి వయసూ ఇంచుమించు 17 ఏళ్లు తగ్గింది. 40 ఏళ్ల మనిషి 23 ఏళ్ల మనిషి అయ్యాడు.

అంకెలన్నీ నమ్మదగ్గట్టే ఉన్నాయి చూడండి. సగటు వయసు మైనస్‌లో వచ్చి ఉంటే అక్కడే పట్టుకునేవాణ్ని. రిపోర్టు చదివిన ఒక పెద్దాయన, "బాబూ, ఈ ఊళ్లలో ఇంతమంది కుర్రాళ్లు లేరయ్యా, అందరూ పట్నం పోయారు," అన్నారు. ఆయనకు ఆర్ రాదు, ఊరు తెలుసు. ఆ రాత్రి కూర్చుని వెతికితే కనీస వయసు 1 అని కనబడింది. పెద్దల సర్వేలో ఒక ఏడాది బిడ్డ! సమ్మరీ అనే ఒక్క మాట ముందే టైప్ చేసి ఉంటే పట్టుబడేది. అప్పటి నుంచి ఏ ఫైలు చదివినా మొదటి పని సమ్మరీ, ఎస్‌టీఆర్. ఏ కాలమ్ అంకెలు, ఏది అక్షరాలు, కనిష్ఠం ఎంత, గరిష్ఠం ఎంత. అవి చూడకుండా సగటు జోలికి పోను.

మన దగ్గర అంకెలు అక్షరాలైపోవడానికి ఇంకో కారణం కామాలు. లక్షా ఇరవై అయిదు వేలని మనం 1,25,000 అని రాస్తాం. ఆర్‌కి అది అంకె కాదు. కామాలు తీసేసి మార్చాలి, జీసబ్‌తో ఒక లైను. ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు మాత్రం తిరగేసి ఆలోచించాలి. అవి అంకెల్లా కనబడతాయి గాని అంకెలు కావు, వాటితో కూడికలు తీసివేతలు ఎవరూ చేయరు. హైదరాబాద్ ఎస్‌టీడీ కోడ్ 040 అంకెగా చదివితే 40 అవుతుంది, ముందున్న సున్నా పోతుంది. వాటిని అక్షరాలుగానే చదవమని ఫైలు తెరిచేటప్పుడే చెప్పండి. తేదీలూ అంతే. 03/04/2024 అంటే మనకి ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4. ఏ వరుసలో ఉందో మీరే రాసివ్వండి, దాని ఊహకు వదలకండి. ఎక్సెల్ కూడా తేదీలతో ఎంత ఇబ్బంది పెట్టిందంటే, మార్చ్1, సెప్ట్1 లాంటి జన్యువుల పేర్లను అది తేదీలుగా మార్చేస్తోందని చివరికి 2020లో శాస్త్రవేత్తలే ఆ జన్యువుల పేర్లు మార్చుకున్నారు.

ఇక రెండు పట్టికలు కలపడం. నా పనిలో సగం ఇదే. మీరు ప్రాజెక్టుల్లో తప్పకుండా చేసే పని కూడా. ఒక వైపు 2011 జనాభా లెక్కలు, ఇంకో వైపు ఈమధ్య ఏదో ఒక జిల్లాల లెక్క, ఉదాహరణకి ఆసుపత్రులో, రేషన్ షాపులో. జిల్లా పేరు మీద లెఫ్ట్ జాయిన్ చేస్తారు, అంటే ఎడమ పట్టికలోని ప్రతి జిల్లాకీ కుడి పట్టికలో అదే పేరున్న వరుసను పక్కన చేరుస్తారు.

2011లో ఉమ్మడి రాష్ట్రంలో 23 జిల్లాలు. 2016 అక్టోబరులో, దసరా నాడు, తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. కొత్త పేర్లు జనాభా లెక్కల్లో దొరకవు, అక్కడ ఎన్‌ఏ వస్తుంది, మీరు గమనిస్తారు. అది మంచి తప్పు. దొరికిన పేర్ల దగ్గరే ప్రమాదం. 'కృష్ణా'కి 'కృష్ణా' చక్కగా జతపడుతుంది. కానీ 2011 కృష్ణాలో విజయవాడ ఉంది. ఇప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. 'ఖమ్మం'కి 'ఖమ్మం' జతపడుతుంది. 2011 ఖమ్మంలో భద్రాచలం, కొత్తగూడెం ఉన్నాయి. పేరు ఒకటే, నేల వేరు. పైన కొత్త చిన్న జిల్లా ఆసుపత్రులు, కింద పాత పెద్ద జిల్లా జనాభా పెట్టి భాగిస్తే లక్ష మందికి ఎన్ని ఆసుపత్రులన్న లెక్క పడిపోతుంది. దాని మీద ఎవరో 'వెనుకబడిన జిల్లా' అని రాసేస్తారు. ఇది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ మాట పడేది ఒక జిల్లా మనుషుల మీద.

దీనికి దగ్గరి దారి లేదు. మండలం స్థాయికి దిగి, ఏ మండలం ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో ఒక పట్టిక తయారు చేసుకుని, పాత జనాభాను కొత్త హద్దుల్లోకి కూడి తెచ్చుకోవాలి. పేర్లు కాకుండా కేంద్రప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ ఇచ్చే కోడ్‌లు వాడండి. కలపడానికి ముందు ఎన్ని వరుసలున్నాయి, కలిపాక ఎన్ని అయ్యాయి అని ఎప్పుడూ చూసుకోండి. పెరిగాయంటే కుడివైపు పట్టికలో ఒకే పేరు రెండుసార్లు ఉందన్నమాట. జతపడనివి ఏవో యాంటీ జాయిన్ చెబుతుంది, దాన్ని ముందు నడపండి.

తెలుగులో పేర్లు ఉన్న డేటా అయితే ఇంకో చిక్కుంది. ఇది మన భాషకు ప్రత్యేకంగా తగిలేది, దీని మీద కాస్త నిలబడతాను. 'హైదరాబాద్' అని రెండు పట్టికల్లోనూ ఉంది. కళ్లతో చూస్తే అక్షరం తేడా లేదు. జాయిన్ చేస్తే జతపడదు. నేను మొదటిసారి దీన్ని చూసినప్పుడు ఒక మధ్యాహ్నం మొత్తం పోయింది. ఎన్‌చార్ అనే ఫంక్షన్‌తో ఎన్ని అక్షరాలో లెక్కపెట్టించాను. ఒకదాన్లో 9, ఇంకోదాన్లో 10. ఆ పదోది కంటికి కనబడని అక్షరం. పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా కొన్ని తెలుగు కీబోర్డులు ఒక ఖాళీ గుర్తు పెడతాయి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. 'మహబూబ్‌నగర్'లో అది కావాలి, లేకపోతే బకారానికి నకారం ఒత్తు పడుతుంది. కానీ మాట చివర అది ఉన్నా లేకపోయినా చూపుకి ఒకటే. మామూలు ఖాళీలు తీసే ట్రిమ్ డబ్ల్యూఎస్ దీన్ని తీయదు. జత చేయడానికి మాత్రం వేరే కాలమ్ ఒకటి చేసుకుని, అందులో రెండు వైపులా ఆ గుర్తును తీసేసి కలపండి. చూపించడానికి అసలు పేరు అలాగే ఉంచండి.

అన్నట్టు, 'తెలుగు' అనే మాటలో ఎన్ని అక్షరాలు? మనకి మూడు. ఆర్‌కి ఆరు, తకారం వేరు, ఎత్వం వేరు. బైట్లు అడిగితే 18. మాటను మధ్యలో కోసే పని ఏదైనా చేస్తే ఇది గుర్తుంచుకోండి, గుణింతం తెగి పడుతుంది.

గ్రాఫుల దగ్గరికి వద్దాం. జీజీప్లాట్2 మీ అందరికీ వచ్చు. నెలల పేర్లు పెట్టి గీస్తే ఆగస్టు, జులై, జూన్, మే, సెప్టెంబరు అని వస్తాయి. ఇంగ్లిషులోనూ ఇదే వరుస, తెలుగు అకారాదిలోనూ ఇదే వరుస! ఫ్యాక్టర్‌లో లెవెల్స్ మీరే వరుసగా రాసివ్వాలి. ఇది కనబడే తప్పు, సరిచేసుకుంటారు.

కనబడనిది చెబుతాను. ఓజోన్‌కి నెలవారీ బాక్స్ ప్లాట్ గీశారు, అంటే ఒక్కో నెల కొలతలు ఎంత మేర పరుచుకున్నాయో ఒక్కో పెట్టెగా చూపే గ్రాఫ్. ఒక రోజు 168 ఉంది, దాంతో పెట్టెలన్నీ కిందికి నొక్కుకుపోయాయి. అందుకని వైలిమ్‌తో సున్నా నుంచి 100 దాకా చూపించమన్నారు. గ్రాఫ్ విశాలంగా వచ్చింది. కానీ వైలిమ్ అంటే కిటికీ చిన్నది చేయడం కాదు. 100 దాటిన కొలతలను ముందు పారేసి, మిగిలినవాటితో పెట్టెలు మళ్లీ లెక్కగట్టడం. కొన్ని నెలల మీడియన్ గీతలే, అంటే నడిమి విలువ చూపే గీతలే కదిలిపోతాయి. వరుసలు తీసేశానని చిన్న హెచ్చరిక వస్తుంది, కానీ ఎన్‌ఏలకి కూడా అలాంటి హెచ్చరికే వస్తుంది కాబట్టి మనం చదవం. దగ్గరగా చూపించాలంటే కోఆర్డ్ కార్టీషియన్ వాడండి, అది డేటాను ముట్టుకోదు.

ఇంకొకటి. రోజువారీ ఓజోన్‌ని గీతగా గీద్దాం. ఎన్‌ఏలు అడ్డొస్తున్నాయని ముందే ఎన్‌ఏ డాట్ ఒమిట్ చేశారు, అంటే అవి ఉన్న వరుసలు తీసేశారు. జూన్ 20న ఓజోన్ 13. జులై 1న 135. మధ్యలో జూన్ 21 నుంచి 30 దాకా ఒక్క కొలతా లేదు. మీ గ్రాఫ్ ఆ రెంటినీ తిన్నటి గీతతో కలిపేస్తుంది. చూసినవాళ్లు పది రోజుల పాటు ఓజోన్ నిలకడగా పెరిగిందనుకుంటారు. ఆ పది రోజుల సంగతి చెప్పే కొలత ఒక్కటీ ఆ డేటాలో లేదు. ఎన్‌ఏలను తీయకుండా ఉంచితే గీత అక్కడ తెగి ఖాళీ కనబడుతుంది. ఆ ఖాళీ చూడ్డానికి బాగుండకపోవచ్చు, కానీ అది నిజం. నన్నడిగితే గీత మీద చుక్కలు కూడా పెట్టండి, ఎక్కడ కొలిచారో తెలుస్తుంది.

గ్రాఫ్ మీద తెలుగు రాయాలని చాలామందికి ఉంటుంది, రాయాలి కూడా. మన పంచాయతీలో చూపించే గ్రాఫ్ ఇంగ్లిషులో ఎందుకు? విండోస్‌లో 2022కి ముందు తెలుగు కోడ్‌లుగా కనబడి చాలా ఏడిపించేది. ఆర్ 4.2.0 నుంచి యూటీఎఫ్-8, అంటే అన్ని భాషల అక్షరాలనూ దాచుకునే పద్ధతి, మామూలైంది, ఆ బాధ తగ్గింది. ఇప్పటికీ మామూలు పీడీఎఫ్‌లో తెలుగు రాదు, చుక్కలు పడతాయి. కైరో పీడీఎఫ్ వాడండి. బొమ్మగా దాచుకోవాలంటే రాగ్ అనే ప్యాకేజీ ఒత్తులు, గుణింతాలు సరిగ్గా పెడుతుంది. తెలుగు అక్షరాలున్న ఫాంటు పేరు మీరే ఇవ్వండి.

(ఒక విద్యార్థిని: "సార్, మా ప్రాజెక్టు డేటాలో ఏదో తప్పుందని తెలుస్తోంది, కానీ నలభై వేల వరుసల్లో ఎక్కడని వెతకాలి?")

మంచి ప్రశ్న అడిగావమ్మా. నలభై వేలతో కుస్తీ పట్టకు. అదే తప్పు ఐదు వరుసల్లో వచ్చేలా చెయ్యి. ముందు సగం వరుసలు తీసి నడుపు. తప్పు ఇంకా వస్తుంటే మిగిలినదాన్లో మళ్లీ సగం తియ్యి. రాకపోతే తీసిన సగంలోనే ఉంది. నలభై వేలైనా పదమూడు పద్నాలుగు సార్లకు చేతిలోకి వస్తుంది. అక్కర్లేని కాలమ్‌లు తీసెయ్. చివరికి మూడు కాలమ్‌లు, ఐదు వరుసలు మిగిలితే చాలాసార్లు కంటికే కనబడిపోతుంది. కనబడకపోతే డీపుట్ అని కొడితే ఆ ఐదు వరుసలూ కోడ్ రూపంలో వస్తాయి, వాటిని మేడంకో నాకో పంపు. తెర ఫొటో తీసి పంపితే నేనేమీ చేయలేను, అందులోంచి డేటా తీసి నడపలేను కదా. ఇంకో మాట, పంపే ముందు పేర్లు, ఫోన్ నంబర్లు మార్చెయ్. సర్వేలో మనల్ని ఇంట్లోకి రానిచ్చి చెప్పినవాళ్ల సంగతులు అవి.

సరే, ఇప్పుడందరూ ల్యాప్‌టాప్‌లు తెరవండి. మీ ఊరి పేరు తెలుగులో ఫోన్‌లో టైప్ చేసి ఒకటి, ల్యాప్‌టాప్‌లో టైప్ చేసి ఒకటి ఆర్‌లోకి తెచ్చుకోండి. రెండూ సమానమా అని అడగండి. ఫాల్స్ అని వచ్చినవాళ్లు చెయ్యెత్తండి, మీ దగ్గరికి వస్తాను.